ఏప్రిల్‌లో అమ్మానాన్నలతో యూరప్: ఆదివారం షాపుల సంగతి, వసంతం పేరుతో వచ్చే చలి సంగతి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. అమ్మానాన్నల్నీ నాలుగేళ్ల పాపనీ తీసుకుని విజయవాడ నుంచి బయల్దేరి 2026 ఏప్రిల్ 3 మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతున్నారు. అక్కడ నాలుగు రాత్రులు. 7 నుంచి స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్, 10 నుంచి రోమ్, 14 నుంచి పారిస్, 20న తిరుగు ప్రయాణం. అమ్మగారు శాకాహారి, నాన్నగారికి షుగర్, అందుకని అన్నిచోట్లా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లే తీసుకున్నారు. ఆదివారం షాపులన్నీ మూసేస్తారట, నిజమేనా? ఏప్రిల్ అంటే వసంతం కాబట్టి తలా ఒక స్వెట్టర్ సరిపోతుందా? ఈ రెండే కదా మీరు అడిగింది. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చి వెళ్లారు, అందులో రెండుసార్లు ఏప్రిల్‌లోనే.

మీ ప్లాన్‌లో అసలు ఇబ్బంది మొదటి నాలుగు రోజులదే. మీరు దిగే 3వ తేదీ గుడ్ ఫ్రైడే. 5 ఈస్టర్ ఆదివారం. 6 ఈస్టర్ సోమవారం, అది కూడా సెలవే. అంటే నాలుగు రోజుల్లో మూడు రోజులు జర్మనీలో సూపర్‌మార్కెట్లు, బట్టల షాపులు, ఇండియన్ కొట్లు అన్నీ మూసి ఉంటాయి. మధ్యలో తెరిచి ఉండేది 4వ తేదీ శనివారం ఒక్కటే. ఆ ఒక్క రోజునే ఊరందరూ కొనుక్కోవాలి కాబట్టి సాయంత్రం వెళ్తే కూరగాయల అరలు ఖాళీగా కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లండి.

మరి శుక్రవారం సాయంత్రం ఏం తింటారు? ఇక్కడే చాలామంది టెన్షన్ పడతారు కానీ దారి ఉంది. జర్మనీలో పెద్ద రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో ఉండే షాపులకు ఆదివారాలు, సెలవుల్లో కూడా తెరిచే మినహాయింపు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులోనే పాలు, బ్రెడ్డు, పెరుగు, అరటిపళ్లు, పాపకు కావలసినవి కొనుక్కుని బయటికి రండి. నగరంలోకి వచ్చాక గుర్తొస్తే హాప్ట్‌బాన్‌హోఫ్, అంటే మెయిన్ స్టేషన్ లోపల చూడండి. ధర కాస్త ఎక్కువ, క్యూ కూడా ఎక్కువే. పెట్రోల్ బంకుల్లో పాలు, బ్రెడ్డు లాంటివి దొరుకుతాయి. బేకరీలు ఆదివారం పొద్దున కొన్ని గంటలు తీస్తాయి, అప్పుడే కాల్చిన చిన్న రొట్టెల కోసం జనం క్యూ కడతారు. హోటళ్లు, కేఫ్‌లు, మ్యూజియంలు, బస్సులు, రైళ్లు మామూలే. మూసేది కొట్లు, ఊరు కాదు. ఈ తేడా తెలియక ఆదివారమంతా గదిలో కూర్చున్నవాళ్లను చూశాను. ఆరోజు పాల్మెన్‌గార్టెన్ అనే పెద్ద పూలతోటకి వెళ్లండి, లేదా మైన్ నది ఒడ్డున నడవండి. ఏప్రిల్ మొదట్లో ఇక్కడ మాగ్నోలియా చెట్లు ఆకు లేకుండా చెట్టంతా పూసి ఉంటాయి, మన మోదుగ చెట్టు పూసినట్టు.

మందుల విషయం విడిగా చెప్పాలి. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో పారాసిటమాల్ కూడా అమ్మరు, జ్వరం బిళ్ల కావాలన్నా ఫార్మసీకే వెళ్లాలి. ఫార్మసీలూ ఆదివారం మూసేస్తారు. కానీ ప్రతి ప్రాంతంలో వంతులవారీగా ఒకటి తెరిచి ఉంటుంది, ఆ రోజు ఎవరి వంతో మూసిన ప్రతి ఫార్మసీ తలుపు మీదా రాసి ఉంటుంది. దాన్ని నోట్‌డీన్‌స్ట్ అంటారు. అక్కడ తలుపు తీయరు, గంట కొడితే చిన్న కిటికీలోంచి ఇస్తారు, కాస్త అదనపు రుసుము తీసుకుంటారు. అత్యవసరం కాని డాక్టర్ సలహాకు 116117, ప్రాణం మీదికొస్తే 112. నాన్నగారి షుగర్ మందులు మొత్తం ట్రిప్‌కి సరిపడా, పైన ఒక వారానికి అదనంగా, డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టండి. చెకిన్ సామానులో వద్దు.

ఇంత పెద్ద దేశంలో ఇదేం పద్ధతి అని వచ్చిన కొత్తలో నేనూ విసుక్కున్నాను. తర్వాత కారణం తెలుసుకున్నాక అభిప్రాయం మారింది. ఇది ఒక షాపు వాళ్ల ఇష్టం కాదు, రాజ్యాంగంలో ఉన్న మాట. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం ఆదివారాన్ని పని నుంచి విశ్రాంతి దినంగా కాపాడాలంది. ఇప్పటి జర్మన్ రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా ఆ మాటను అలాగే తీసుకుంది. షాపుల వేళల మీద 1956లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది, 2006లో ఆ అధికారం రాష్ట్రాలకు వెళ్లింది. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి చాలాసేపు తెరిచి ఉండే సూపర్‌మార్కెట్లు మ్యూనిక్‌లో 8 గంటలకే మూసేస్తారు. బెర్లిన్ రాష్ట్రం క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ వరసగా షాపులు తీయనిస్తే, చర్చిలు కోర్టుకు వెళ్లాయి. 2009 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం అలా వరసగా తెరవడం కుదరదని తీర్పు చెప్పింది. చర్చిలే కాదు, షాపుల్లో పనిచేసేవాళ్ల యూనియన్లు కూడా ఈ ఆదివారం కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. మా వీధి సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర ఉండే ఆవిడ వారంలో ఏ షిఫ్ట్ చేసినా ఆదివారం మాత్రం మనవరాలితో పార్కులో కనిపిస్తుంది. ఆమెను అక్కడ చూసినప్పటి నుంచి, నేను శనివారం సంచి మోసుకు తిరగడం నాకు కష్టంగా అనిపించలేదు.

ఆదివారం నిశ్శబ్దం షాపులతో ఆగదు. గోడకు డ్రిల్ వేయకూడదు, గడ్డి కోసే మెషిన్ తిప్పకూడదు, ఖాళీ గాజుసీసాలు వీధి డబ్బాలో వేయకూడదు, ఆ చప్పుడు పక్కవాళ్లకు ఇబ్బంది అని. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు కాబట్టి చెప్తున్నాను. అమ్మగారు ఆదివారం పొద్దున్నే ఆరింటికి మిక్సీ వేస్తే పైవాళ్లు వచ్చి తలుపు కొట్టే అవకాశం ఉంది. చట్నీ శనివారం రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి.

కిందటేడు ఉగాది ఒక్కటి చెప్తాను, శనివారం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. 2025లో ఉగాది మార్చి 30, ఆదివారం. అదే రోజు ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరిపే రోజు కూడా, ఎందుకంటే యూరప్‌లో మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున టైమ్ మారుతుంది. శనివారం బెల్లం, కొత్త చింతపండు తెచ్చాను. వేపపువ్వు అమ్మ ఎండబెట్టి పంపింది ఉంది. మామిడికాయ మర్చిపోయాను. పొద్దున లేచేసరికి ఒక గంట పోయింది, ఇండియన్ కొట్లన్నీ మూత. మెయిన్ స్టేషన్‌కి వెళ్లి, పళ్ల అరలో ఉన్న ఏడు మామిడిపళ్లను ఒక్కొక్కటీ నొక్కి చూసి, అన్నిటికన్నా గట్టిగా, తొడిమ దగ్గర పచ్చగా ఉన్నదాన్ని ఎంచి తెచ్చాను. కోస్తే లోపల లేత పసుపు. పులుపు సగమే ఉంది, వగరు మాత్రం తొక్క దగ్గర బాగానే ఉంది. ఆ తొక్కతోనే సన్నగా తరిగి కలిపాం. ఆరు రుచులూ కుదిరాయని పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పారు.

టైమ్ మారే ఈ సంగతి మీకూ పనికొస్తుంది. మీరు వచ్చేసరికి మార్పు అయిపోయి ఉంటుంది, ఇండియాకీ ఇక్కడికీ తేడా మూడున్నర గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సూర్యుడు అస్తమించేది దాదాపు 8 గంటలకు, మీరు వెళ్లిపోయే నాటికి పారిస్‌లో పావుతక్కువ తొమ్మిదికి. బయట వెలుతురు ఉందని భోజనం వాయిదా పడుతూ పోతుంది. నాన్నగారికి వెలుతురు చూసి కాకుండా గడియారం చూసి పెట్టండి.

ఇక వాతావరణం. స్వెట్టర్ ఒక్కటి సరిపోదండి. ఏప్రిల్ తనకు ఏది తోస్తే అది చేస్తుందని జర్మన్లకు ఒక సామెత ఉంది, అది ఊరికే పుట్టలేదు. ఏప్రిల్ మధ్యలో ఇక్కడి సూర్యుడు ఆగస్టు చివర్లో ఎంత ఎత్తున ఉంటాడో అంతే ఎత్తున ఉంటాడు. నేల త్వరగా వేడెక్కుతుంది. కానీ ఉత్తర సముద్రాలు, ధ్రువం వైపు గాలి ఇంకా చలికాలపు చల్లదనంలోనే ఉంటాయి. ఆ చల్లగాలి పైనుంచి వచ్చి, కింద వేడెక్కిన గాలి పైకి లేచినప్పుడు మబ్బులు అరగంటలో కట్టేస్తాయి. 11 గంటలకు ఎండ, 11:30కి వాన, పన్నెండుకి సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లటి మంచు గుళ్లు టపటపా రాలడం, ఒంటిగంటకి మళ్లీ ఎండ. ఇది వర్ణన కోసం చెప్పడం లేదు, ఏప్రిల్‌లో ఇలాంటి రోజులు ఏటా చూస్తాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పగలు సగటున 15 డిగ్రీల దరిదాపు, తెల్లవారుజామున 4 లేదా 5. ఒక్కోరోజు 22 కూడా రావచ్చు, మర్నాడే 8కి పడిపోవచ్చు.

ఇక్కడి తోటమాలులు మే 11 నుంచి 15 వరకు ఐదు రోజుల్ని మంచు సాధువుల రోజులు అంటారు. చివరి రోజు పేరు చలి సోఫీ. ఆ రోజు దాటేదాకా టమాటా నారు బయట నాటరు, రాత్రి మంచు కొట్టేస్తుందేమోనని. మా బాల్కనీలో కుండీలో కరివేపాకు ఉంది. ఒక ఏడాది ఏప్రిల్ 20 ప్రాంతంలో మూడు రోజులు మంచి ఎండ కాసిందని బయట పెట్టాను. నాలుగో రాత్రి సున్నాకి పడింది. పొద్దున ఆకులు నల్లగా, తడిసిన కాగితంలా వేలాడాయి. మొదలు బతికి మళ్లీ చిగురు రావడానికి జూలై పట్టింది. అప్పటి నుంచి సోఫీ దాటాకే ఆ కుండీ బయటికి వెళ్తుంది.

మరి ఏం వేసుకోవాలి? ఉల్లిపాయలా పొరలు పొరలుగా. ఇక్కడివాళ్లు కూడా ఉల్లిపాయ పద్ధతి అనే అంటారు. ఒంటికి అంటుకునే పల్చటి థర్మల్, దాని మీద షర్టు లేదా కుర్తా, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, అన్నిటి పైన గాలీ వానా ఆపే టోపీ ఉన్న జాకెట్. ఎండొస్తే రెండు పొరలు తీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఒకే ఒక లావు కోటు తెస్తే ఎండలో మోయలేరు, తీస్తే చలి. గాలికి గొడుగు తిరగబడుతుంది, అందుకే టోపీ ఉన్న జాకెట్ అంటున్నాను. అమ్మగారు చీరే కడతారనుకుంటాను. మా అమ్మకు మొదటిసారి వచ్చినప్పుడు చలి ఒంటికి కాదు, పాదాలకు పట్టింది. చెప్పుల్లో మేజోళ్లతో తిరిగితే తడిసి, సాయంత్రానికి మడమలు పగిలాయి. రెండోసారి చీర లోపల ఉన్ని లెగ్గింగ్, కాళ్లకు తడి పట్టని షూ వేసుకుని, చీర అంచు రెండంగుళాలు పైకి కట్టుకుంది. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడిచింది. షూ మాత్రం విజయవాడలోనే కొని పది రోజులు వాడి తీసుకురండి. ఇక్కడికి వచ్చి కొందామంటే మీరు దిగేది గుడ్ ఫ్రైడే.

ఇంట్లో ఎవరికైనా ఆస్తమా గానీ ధూళి పడకపోవడం గానీ ఉంటే, ఏప్రిల్ ఇక్కడ బర్చ్ చెట్ల పుప్పొడి కాలం. ఇండియాలో ఏమీ లేనివాళ్లకు కూడా కళ్లు దురద, తుమ్ములు మొదలవచ్చు. జలుబు అనుకుని కంగారు పడొద్దు.

ఇంటర్లాకెన్. మీరు వెళ్లేది ఈస్టర్ అయిపోయిన మంగళవారం, బయటపడేది శుక్రవారం. కాబట్టి స్విట్జర్లాండ్‌లో మీకు ఆదివారం తగలదు, ప్లాన్‌లో ఇది బాగా కుదిరింది. తగిలి ఉంటే అక్కడా దాదాపు జర్మనీలాగే, స్టేషన్ షాపులు, పెట్రోల్ బంకులు, టూరిస్టు ఊళ్లలో కొన్ని కొట్లు తప్ప మూతే. వాతావరణం దగ్గర మాత్రం అక్కడ జాగ్రత్త. లోయలో పచ్చిక, పూలు ఉంటాయి. అదే రోజు 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ అనే మంచుకొండ కనుమ మీద పూర్తి చలికాలం, సున్నాకి పది డిగ్రీల కింద ఉండడం అక్కడ ఏప్రిల్‌లో మామూలే. అక్కడికి ఎక్కే రైలు టికెట్ ఖరీదైనది. ముందే కొనేయకండి. పైన కెమెరాలు ఉంటాయి, ఆ ప్రత్యక్ష దృశ్యం ఎవరైనా ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. పొద్దున లేచి అది చూసి, తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడకపోతే ఆ రోజు సరస్సు మీద పడవో, లౌటర్‌బ్రునెన్ జలపాతమో పెట్టుకుని, కొండ మర్నాటికి వాయిదా వేయండి. మీకు అక్కడ రెండు పూర్తి రోజులు ఉన్నాయి, ఆ వెసులుబాటు వాడుకోండి. అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది, నాన్నగారికి బీపీ, గుండె సమస్య ఏదైనా ఉంటే బయల్దేరేముందే డాక్టర్‌ని అడగండి. ఇంకో మాట: వసంతంలో చాలా కేబుల్ కార్లను మరమ్మతుల కోసం రెండు మూడు వారాలు ఆపేస్తారు. మీరు అనుకున్నది ఆ తేదీల్లో నడుస్తోందో లేదో వాళ్ల సైట్‌లో చూడండి. కారు తీసుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఫుర్కా, గ్రిమ్‌జెల్ లాంటి కనుమ దారులు ఏప్రిల్‌లో ఇంకా మంచు కింద మూసే ఉంటాయి. రైళ్లకు ఆ బాధ లేదు.

ఒక్కోసారి ఆల్ప్స్‌లో దక్షిణం నుంచి ఫ్యోన్ అనే పొడి వేడిగాలి వీస్తుంది. ఏప్రిల్‌లోనే 20 దాటిస్తుంది, కొండలు చేతికందేంత దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తాయి. చాలామందికి తలనొప్పి వస్తుంది కూడా. ఆ గాలి ఆగగానే వాతావరణం ఒక్కసారిగా చెడుతుంది. కాబట్టి ఫ్యోన్ రోజున వేడిగా ఉందని జాకెట్ గదిలో వదిలి బయల్దేరొద్దు.

రోమ్‌లో మీ ఆదివారం 12వ తేదీ. అక్కడ నిశ్చింతగా ఉండండి. ఇటలీ 2012 నుంచి షాపుల వేళల మీద ఆంక్షలు ఎత్తేసింది, సూపర్‌మార్కెట్లు, పెద్ద షాపులు ఆదివారం కూడా తీస్తారు. వీధి చివర చిన్న కొట్లు మాత్రం మధ్యాహ్నం మూసి సాయంత్రం తీయడం, ఆదివారం సెలవు పెట్టడం వాళ్ల అలవాటు. అక్కడ తలుపు వేసి ఉండేది వాటికన్,  అంటే అక్కడి మ్యూజియంలు. నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. ఆ మ్యూజియంలలోనే ఉన్న సిస్టీన్ చాపెల్ చూడాలనుకుంటే శనివారమో సోమవారమో పెట్టుకోండి. పగలు 19 డిగ్రీల దాకా ఉంటుంది, మీ ట్రిప్ మొత్తంలో అమ్మగారికి హాయిగా ఉండే ఊరు ఇదే. వాన పడితే ఒక జల్లు గట్టిగా కొట్టి పోతుంది, రాళ్లు పరిచిన వీధులు జారతాయి.

పారిస్‌లో ఆదివారం 19. ఫ్రాన్స్‌లో సరుకుల కొట్లు ఆదివారం మధ్యాహ్నం 1 దాకా తెరవచ్చు. ఆ తర్వాత కొన్ని సూపర్‌మార్కెట్లు మనుషులు లేకుండా, మనమే స్కాన్ చేసుకునే కౌంటర్లతో నడుస్తాయి. పెద్ద షాపింగ్ కోసమైతే 2015 చట్టం తర్వాత పారిస్‌లో కొన్ని ప్రాంతాల్ని అంతర్జాతీయ పర్యాటక ప్రాంతాలుగా ప్రకటించారు. షాంజెలీజే, హౌస్‌మన్ వీధి, మారే అందులోవే, అక్కడ ఆదివారం కూడా తెరుస్తారు. పొద్దున బాస్టీల్ (Bastille) అనే చౌరస్తా దగ్గర వీధి సంత చూడండి, గురువారం, ఆదివారం జరుగుతుంది. కూరగాయలు, పళ్లు చూస్తే అమ్మగారికి మన రైతు బజార్ గుర్తొస్తుంది. కరివేపాకు, మునక్కాయ, ఇడ్లీ రవ్వ కావాలంటే గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ వైపు శ్రీలంక తమిళుల కొట్లు వరసగా ఉంటాయి. ఏప్రిల్‌లో ఒక్క దారప్పోగు కూడా ఒంటి మీంచి తీయకు, మేలో నీ ఇష్టం అని ఫ్రెంచివాళ్ల సామెత. పారిస్‌లో పగలు 16, పొద్దున 7 అనుకోండి. థర్మల్స్‌ని రోమ్ అయ్యాక పెట్టె అడుగున పెట్టేయకండి.

మీ పోస్టు కింద ఇంకొందరు వేరే దేశాలు అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఇంగ్లండ్, వేల్స్‌లో 1994 చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు దాటిన షాపులు ఆదివారం పొద్దున 10, సాయంత్రం 6 మధ్య ఆరు గంటలే తెరవాలి, ఈస్టర్ ఆదివారం అసలు తీయకూడదు. చిన్న షాపులకు ఆ నిబంధన లేదు, మన ఇండియన్ కొట్లు చాలావరకు అవే. స్కాట్లండ్‌లో ఈ చట్టం లేదు. ఆస్ట్రియాలో ఆదివారం మూత, పైగా శనివారం సాయంత్రం 6కే మూసేస్తారు, ఇది మర్చిపోయి వియన్నాలో ఇబ్బంది పడే మనవాళ్లు చాలామంది. పోలండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు తెలిసే ఉంటుంది, 2018 నుంచి ఆదివారాలు దశలవారీగా మూసేస్తూ వచ్చారు, ఇప్పుడు ఏడాదిలో కొన్ని ఆదివారాలే తెరుస్తారు. ఈస్టర్ ముందు ఆదివారం అందులో ఒకటి. యజమాని తనే కౌంటర్‌లో కూర్చుంటే చిన్న కొట్టు తీయవచ్చు. హంగరీ 2015లో ఆదివారం మూసి, జనం ఒప్పుకోక 2016లో వెనక్కి తీసుకుంది. ప్రాగ్‌లో ఆదివారాలు మామూలే, కానీ ఈస్టర్ సోమవారం లాంటి కొన్ని సెలవుల్లో 200 చదరపు మీటర్లు దాటినవి మూస్తారు. స్పెయిన్‌లో ప్రాంతాన్ని బట్టి, మాడ్రిడ్‌లో ఎప్పుడైనా తెరవచ్చు. మే 1న మాత్రం ఎక్కడికెళ్లినా ముందు చూసుకోండి, ఫ్రాన్స్‌లో కూడా ఆ రోజు దాదాపు అంతా బంద్.

చివరిగా 4వ తేదీ శనివారం ఏం చేయాలో చెప్తాను. పొద్దున 9 కల్లా క్లైన్‌మార్క్ట్‌హల్లెకి వెళ్లండి. ఊరి మధ్యలో ఉన్న పాత కూరగాయల మార్కెట్ అది, శనివారం సాయంత్రం 4 దాకానే. అక్కడ వంకాయ, బెండకాయ, కొత్తిమీర దొరుకుతాయి. తర్వాత మెయిన్ స్టేషన్ ఎదురుగా మ్యూన్‌షెనర్ వీధి, ఆ చుట్టుపక్కల ఇండియన్, టర్కీ కొట్లలో బియ్యం, కందిపప్పు, పచ్చిమిర్చి. మామూలు సూపర్‌మార్కెట్‌లో పెరుగు తీసుకునేటప్పుడు డబ్బా మీద నాటుర్ అని, 3,5 అని ఉన్నది చూడండి (అది కొవ్వు శాతం, వాళ్లు చుక్క బదులు కామా పెడతారు), అది మన పెరుగుకు దగ్గరగా ఉంటుంది, చక్కెర ఉండదు, నాన్నగారికి మంచిది. నీళ్ల సీసాలు మోయకండి, కుళాయి నీళ్లు తాగవచ్చు. కొంటే ష్టిల్ అని రాసి ఉన్నదే తీసుకోండి, లేదంటే సోడా వస్తుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు డిపాజిట్ కడతారు, ఖాళీది షాపులోని మెషిన్‌లో వేస్తే తిరిగి ఇస్తుంది. ఆ పని పాపకి అప్పజెప్పండి, మా వాళ్లకు చిన్నప్పుడు అదంటే భలే ఇష్టం. మంగళవారం పొద్దున దాకా సరిపడేంత కొనండి, మూడు రాత్రులు, మూడు పొద్దుటి టిఫిన్లు లెక్కేసుకుని.

అపార్ట్‌మెంట్ ఏ ఏరియాలోనో రాస్తే, నడిచి వెళ్లేంత దూరంలో ఆదివారం తెరిచే బేకరీ ఏదో చూసి చెప్తాను.